బ్రేక్ ఆయిల్ తగ్గిపోతోంది, లీకు మాత్రం కనబడటం లేదు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. కేటరింగ్ సామాన్లు తిప్పడానికి 2006 మోడల్ పెట్రోల్ వ్యాన్ ఉంది. ముందు డిస్క్, వెనక డ్రమ్, వాక్యూమ్ బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో పెడల్ తొక్కుడుకి బలం పెంచేది) ఉన్న బండి. డబ్బాలో బ్రేక్ ఆయిల్ పై గీత దాకా పోస్తే వారం తిరక్కుండానే కింది గీత దాటి దిగిపోతోంది. ప్యాడ్లు అరిగేకొద్దీ కాస్త తగ్గడం మామూలే, కానీ ఇంత వేగంగా తగ్గదు కదా.

నేల మీద చుక్క లేదు. టైర్ల లోపలి వైపు తడి లేదు. పైపులన్నీ పొడిగానే ఉన్నాయి. అనుమానమల్లా ఒక్కచోటే: మాస్టర్ సిలిండర్‌ని (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది) బూస్టర్‌కి బిగించే చోట, అడుగున పెయింట్ పొక్కులు లేచి, గోటితో గీరితే పొరలుగా ఊడొస్తోంది; బ్రేక్ ఆయిల్ తగిలితే పెయింట్ ఇలాగే పాడవుతుంది కదా. పెడల్ తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారుతోంది కూడా.

మెకానిక్ వెనక వీల్ సిలిండర్లు (డ్రమ్ములో బ్రేక్ షూలను నెట్టేవి) మార్చేద్దాం అంటున్నాడు. నాకేమో మాస్టర్ సిలిండర్ వెనక సీల్ పోయి ఆయిల్ బూస్టర్‌లోకి కారుతోందేమో అనిపిస్తోంది. వాక్యూమ్ పైపు ఊడదీసి లోపల తడి ఉందా అని చూస్తే తేలుతుందా, లేక మాస్టర్ సిలిండర్ విప్పాల్సిందేనా? డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ల రబ్బరు బూట్లు (తొడుగులు) ఎత్తి చూడటం ఎలాగూ చేయిస్తాను. మాస్టర్ సిలిండర్‌కి సీల్ కిట్ వేస్తే చాలా, అసెంబ్లీ మొత్తం మార్చాలా? బూస్టర్ లోపలి రబ్బరు కూడా పాడై ఉంటుందా?

పోస్తున్నది డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్. భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు ఆర్డర్లున్నాయి, ఈ బ్రేకులతో అక్కడికి పోయే ధైర్యం లేదు. బండి షెడ్డులో పెట్టేసి బాడుగ ఆటో తిప్పుతున్నాం, ఆ ఖర్చే టెన్షన్. ఇలాంటిది చూసినవాళ్ళు కాస్త చెప్పండన్నా.