లేయర్ (గుడ్ల కోళ్ల) షెడ్డులో పంజరాలు తీసేయాలంటున్నారు, మనలాంటి చిన్న రైతులు ఏం చేయాలి?

కళ్యాణదుర్గం రైతు:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. వేరుశనగ వరసగా చేతికి రాకపోయేసరికి మా నాయన బ్యాంకులో అప్పు తెచ్చి లేయర్ షెడ్డు కట్టినాడు. 10,000 కోళ్లు. ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను, కంతులు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయి. పోయిన వారం బెంగళూరు నుంచి ఒక వ్యాపారి వచ్చి, పంజరాలు లేకుండా పెంచిన గుడ్లయితే మంచి రేటు ఇస్తాను, ఈరోజు కాకపోతే రేపైనా పంజరాల మీద నిషేధం వస్తుంది, ముందే మారిపో అన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ఇంకొక మాట కూడా చెప్పాలి. రెండు నెలల కింద ఒక కోడి గోరు తీగకు చుట్టుకుని ఇరుక్కుపోతే కత్తిరించి బయటికి తీసి, షెడ్డు వెనక వేపచెట్టు కింద వదిలినాను. మెడ కింద ఈకలు లేవు, దాణా తొట్టి కోసం కమ్మీల్లోంచి తల పెట్టి పెట్టి రాలిపోయినాయి. వదిలిన చోటే చాలాసేపు కదలకుండా నిలబడింది, అడుగు ఎట్లా వేయాలో తెలియనట్టు. మూడో రోజు పొద్దున పోయి చూస్తే మట్టిలో గుంట చేసుకుని, ఒక పక్కకు ఒరిగి, రెక్కతో దుమ్ము మీదికి ఎగజల్లుకుంటూ కళ్లు మూసుకుని పొర్లాడుతోంది. పుట్టినప్పటి నుంచి మట్టి ముఖం చూడని కోడి అది. ఆ పొద్దు నుంచి షెడ్డులోకి పోతే నాకు మునుపటి మాదిరి లేదు. నిషేధం నిజంగా వస్తుందా, పంజరాల్లేకుండా మన ఎండలో గిట్టుబాటు అవుతుందా, తెలిసినవాళ్లు చెప్పండి.

డోన్ లేయర్స్:

తమ్ముడూ, నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు పంజరాలు లేవు, నేల మీద పొట్టు పరిచి దాని మీదనే పెంచేవాళ్లం. అది చూసినవాడిగా చెప్తున్నాను. వానాకాలం పొట్టు తడిసిందంటే నాలుగు రోజుల్లో రక్తపు విరేచనాలు మొదలయ్యేవి, ఎందుకంటే కోడి తన పెంట మీదనే తిరుగుతుంది, దాన్నే గెలుకుతుంది. పంజరంలో పెంట కిందికి పడిపోతుంది, గుడ్డు వాలు మీద దొర్లి ముందుకు వస్తుంది, శుభ్రంగా ఉంటుంది. నేల మీద పెంచితే మూలల్లో పెట్టిన గుడ్లు ఏరడానికే ఇద్దరు మనుషులు కావాలి, ఆ గుడ్లకు పెంట అంటుకుని ఉంటే వ్యాపారి రేటు కోస్తాడు. ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా ఎక్కువే. ఒక కోడికి రక్తం కనబడిందంటే మిగతావన్నీ దాని మీదనే పడతాయి.

పంజరం పెట్టిన రైతంతా కసాయివాడు అన్నట్టు ఈ మధ్య మాట్లాడుతున్నారు, అది నాకు చాలా బాధ. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీల ఎండకు మేము రాత్రీ పగలూ షెడ్డులోనే ఉంటాం, కప్పు మీద స్ప్రింక్లర్లు, పక్కలకు తడిపిన గోనెపట్టాలు, నీళ్లు లేకపోతే ట్యాంకరు తెప్పించి మరీ. అమ్మే ధర మన చేతిలో లేదు, పొద్దున్నే నెక్ (NECC, గుడ్ల రేటు ప్రకటించే జాతీయ కమిటీ) రేటు వస్తుంది, అదే రేటు. మొక్కజొన్న, సోయా పెరిగిన రోజు ఒక్కొక్క గుడ్డు మీద నష్టపోతాం. ఇందులోకి కొత్త ఖర్చు ఎవరు పెట్టమంటున్నారో వాళ్లే గుడ్డు కొనేటప్పుడు ఆ ధర ఇవ్వాలి. వ్యాపారి నోటిమాట నమ్మి పంజరాలు పాతసామాను కింద అమ్ముకోవద్దు. ఎన్ని గుడ్లు, ఎంత రేటు, ఎన్నేళ్లు తీసుకుంటాడో కాగితం మీద రాయించుకో.

కడప పశువైద్యుడు:

ముందు నిషేధం సంగతి. పంజరాలు పూర్తిగా తీసేయమని కేంద్రం నియమాల్లో లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో, కదలడానికి తగినంత చోటు లేని పంజరంలో జంతువును పెట్టడం నేరమని అప్పటి నుంచే ఉంది. 2017లో లా కమిషన్ కోళ్ల పెంపకం మీదనే ప్రత్యేకంగా 269వ నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత కేంద్రం గుడ్ల కోళ్ల నియమాల్లో కోడికి 550 చదరపు సెంటీమీటర్ల చోటు అని లెక్క పెట్టింది. అంటే చోటు పెంచమనడమే, పంజరం వద్దనడం కాదు. మీ పెట్టె కొలత ఎంతో చెప్తే అందులో ఎన్ని కోళ్లు పడతాయో లెక్క చూద్దాం.

యూరప్ మాట ఎక్కువగా వినబడుతుంది కాబట్టి అదీ చెప్తాను. అక్కడ 1999లో చట్టం చేసి, రైతులకు 12 ఏళ్లకు పైగా టైం ఇచ్చి, 2012 జనవరి 1 నుంచి మన మాదిరి వట్టి పంజరాలు నిషేధించారు. ఇది చాలామంది చెప్పరు. గూడు, కూర్చునే కర్ర, గెలుక్కోవడానికి కొంచెం పొట్టు ఉండి, కోడికి 750 చదరపు సెంటీమీటర్లు ఇచ్చే పెద్ద పంజరాలు ఇంకా అక్కడ చట్టబద్ధమే. అవి కూడా వద్దని దాదాపు 14 లక్షల మంది సంతకాలు పెడితే, 2023 చివరికి చట్టం ప్రతిపాదన తెస్తామని 2021లో యూరోపియన్ కమిషన్ మాట ఇచ్చింది, 2023 దాటిపోయింది గాని ప్రతిపాదన రాలేదు. అంత డబ్బున్న దేశాల్లోనే ఇట్లా నలుగుతోంది. అమెరికాలో కాలిఫోర్నియా ప్రజలు 2018లో ఓటు వేసి, పంజరాల్లో పెంచిన కోళ్ల గుడ్లు తమ రాష్ట్రంలో అమ్మకూడదన్నారు. ఆ చట్టం పందులకు కూడా వర్తిస్తుంది కాబట్టి, అది చెల్లదని పందుల రైతుల సంఘం సుప్రీంకోర్టుకు పోతే 2023లో ఓడిపోయింది.

ఇక కోడి సంగతి. డోన్ అన్న చెప్పిన రోగాల మాట నిజమే, పొట్టు సరిగా చూసుకోకపోతే పంజరంలో కంటే నేల మీదనే ఎక్కువ చస్తాయి. కాని నేను పోస్టుమార్టం చేసేటప్పుడు చూసేది వేరే. లేయర్ కోడి ఏడాదికి 300 పైన గుడ్లు పెడుతుంది, ఒక్కొక్క పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూట, అప్పుడు కడుపులో మేత ఉండదు కాబట్టి ఎముకల్లోంచే తీసుకుంటుంది. నడక లేదు, ఎగరడం లేదు, ఆ ఎముక మళ్లీ గట్టిపడేదెట్లా? బ్యాచ్ అయిపోయి కోళ్లను లారీకి ఎక్కించేటప్పుడు కాళ్లు పట్టి లాగితే టప్‌మని విరిగే శబ్దం మీరంతా విన్నారు. తొడ ఎముక చేతిలోకి తీసుకుంటే పెంకు మాదిరి పలచగా ఉంటుంది. జబ్బు లేదు, మేత తక్కువ కాలేదు, అయినా అట్లా ఉంటుంది.

పులివెందుల అక్క:

నావి 40 నాటుకోళ్లు, మీ లెక్కల ముందు ఇది ఎంత? అయినా ఒక మాట చెప్పాలనిపించింది. గుడ్డు పెట్టే ముందు పెట్ట ఎట్లా ఉంటుందో మీ షెడ్డుల్లో గమనించేదానికి టైం ఉండదేమో. మా అవ్వ ఒక పాత గంపలో బూడిద, దాని మీద వరిగడ్డి వేసి అటక కింద చీకట్లో పెట్టేది. పొద్దున పెట్ట గొంతులోనే సన్నగా మూలుగుతూ ఇల్లంతా తిరుగుతుంది, జొన్నసొప్ప కుప్ప సందుల్లో దూరుతుంది, మంచం కింద చూస్తుంది, మళ్లీ గంప దగ్గరికి వచ్చి ఎక్కి దిగి ఎక్కి, ఒక్కొక్క గడ్డిపోచ ముక్కుతో లాగి తన చుట్టూ సర్దుకుంటుంది. ఎవరైనా దగ్గరికి పోతే దిగిపోతుంది. దానికి కావాల్సింది ఆ కాసేపు మరుగు. ఆ మరుగు లేక మూడు నాలుగు కోళ్ల మధ్య తీగ మీద నిలబడి రోజూ గుడ్డు పెట్టడమంటే నాకు తలుచుకుంటేనే కష్టంగా ఉంది.

నష్టం లేదని చెప్పను. పోయిన ఎండాకాలం గద్ద, ముంగిస కలిసి 11 పిల్లలను ఎత్తుకుపోయినాయి, కొక్కెర తెగులు వచ్చిన ఏడాది గంపలన్నీ ఖాళీ అయినాయి. కాబట్టి వదిలేస్తే చాలు బాగుంటాయి అనే మాట కూడా నిజం కాదు.

ఆదోని టీచర్:

మా బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనంలో వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నారు. వానల్లేని ఏడు తల్లిదండ్రులు సుగ్గికి (కూలి పనులకు వలస) పోతారు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. అట్లాంటి పిల్లలకు వేరే బలమైన తిండి ఏమీ ఉండదు. గుడ్డు రోజు హాజరు పెరుగుతుంది, నేను కళ్లారా చూస్తున్నాను. గుడ్డు మీద రూపాయి పెరిగితే నగరంలో ఆమ్లెట్ తినేవాళ్లకు తెలియదు, బడిలో ఐదు కాస్తా నాలుగో మూడో అవుతాయేమోనని నా భయం. కోడికి చోటు ఇవ్వాలంటే నేను వద్దనను. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి, పిల్లల ప్లేటులోంచి తీయకూడదు. నిషేధం గురించి మాట్లాడేవాళ్లలో ఒక్కరూ ఈ మాట ఎత్తడం లేదు.

ఉరవకొండ గొర్రెలు:

డాక్టర్ గారూ, చిన్న డౌటు. నేను గొర్రెపిల్లలను ఎత్తు మీద చెక్కల షెడ్డులో కట్టేసి మేపుతున్నాను. ఈ చట్టాలు మాకు కూడా వర్తిస్తాయా?

కడప పశువైద్యుడు:

గుడ్ల కోళ్ల నియమాలు మీకు వర్తించవు. బయటి దేశాల్లో కూడా కోళ్ల తర్వాత గొడవంతా సూడి పందులను, లేగదూడలను ఇరుకు గదుల్లో పెట్టడం గురించే. యూరప్‌లో 8 వారాలు దాటిన దూడను ఒంటరిగా బంధించకూడదు. మీ షెడ్డులో పిల్లలు కలిసి తిరుగుతుంటాయి, పడుకోవడానికి చోటుంటే చాలు. చెక్కల మధ్య సందు ఎక్కువైతే గిట్టలు ఇరుక్కుంటాయి, అది మాత్రం చూసుకోండి.

కళ్యాణదుర్గం రైతు:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న టేపు పట్టుకుని కొలిచినాను. మా పెట్టె 18 అంగుళాలకు 15 అంగుళాలు, అందులో నాలుగు కోళ్లు. లెక్క వేస్తే కోడికి 435 చదరపు సెంటీమీటర్లు వచ్చింది, A4 కాగితం కంటే తక్కువ. మూడు పెడితే 580 వస్తుంది. అంటే 10,000 కోళ్ల షెడ్డు 7,500 అవుతుంది. దాణా ఖర్చు తగ్గుతుంది గాని కంతు, కరెంటు, జీతాలు అట్లనే ఉంటాయి. రాత్రి మా నాయనతో కూర్చుని మాట్లాడితే మొదట ఒప్పుకోలేదు, అప్పు తీరేదాకా ముట్టుకోవద్దన్నాడు. నేను ఆ వేపచెట్టు కింద కోడిని చూపించినాను. అది ఇప్పుడు చెట్టు కింది కొమ్మ మీద పడుకుంటోంది. ఆయన చాలాసేపు చూసి ఏమీ అనలేదు, పొద్దున లేచి మాత్రం కొత్త బ్యాచ్‌కు మూడే పెట్టి చూడు అన్నాడు.

పంజరాలు మొత్తం తీసే ధైర్యం నాకు ఇప్పుడు లేదు. కాని 20 అడుగులకు 20 అడుగుల పాత కొట్టం ఒకటి ఖాళీగా ఉంది, అందులో 300 పిల్లలను పొట్టు మీద పెంచి చూస్తాను.

కడప పశువైద్యుడు:

మంచి పని. యూరప్ లెక్కలో చదరపు మీటరుకు 9 కోళ్లు, ఏడు కోళ్లకు ఒక గూడు. మీ కొట్టం సుమారు 37 చదరపు మీటర్లు కాబట్టి 300 సరిపోతాయి, గూళ్లు 43 పెట్టండి. ఒకటి మర్చిపోవద్దు, పంజరంలో పెరిగిన పెద్ద కోళ్లను తెచ్చి వదిలితే గూడెక్కవు, మూలల్లో పెడతాయి. చిన్న పిల్లలప్పటి నుంచే నేల మీద, కర్రల మీద అలవాటు కావాలి. కొక్కెర తెగులు టీకా తేదీ తప్పనివ్వకండి.

కళ్యాణదుర్గం రైతు:

సరే సార్. గూళ్లకు పాత టమాటా క్రేట్లు పనికొస్తాయా? లోపల చీకటిగా ఉండేదానికి గోనెపట్టా కడదామనుకుంటున్నాను. ఇంకొకటి, వేరుశనగ పొట్టు ఎంత మందం పరచాలి? డోన్ అన్నా, వానలప్పుడు తడవకుండా మీరు అప్పట్లో ఏం చేసేవాళ్లో అది కూడా చెప్పండి.

డోన్ లేయర్స్:

నాలుగు అంగుళాలు పరుచు తమ్ముడూ. రెండు రోజులకొకసారి కట్టెతో తిరగేసి, తడి ఉన్న చోట సున్నం చల్లు. నీళ్ల నిపుల్స్ (కోళ్లు ముక్కుతో నొక్కి తాగే గొట్టం మొనలు) కింద ఎప్పుడూ తడి చేరుతుంది, రోగం అక్కడి నుంచే మొదలవుతుంది. ఆదివారం నాకు ఫోన్ చెయ్, వచ్చి చూస్తా.