పాత పిన్‌బాల్ మెషిన్: కాంటాక్టులన్నీ ముందే తుడిచేయాలా, తప్పు దొరికాకే చెయ్యి పెట్టాలా?

కోట దగ్గర కుర్రాడు (విజయనగరం)
అందరికీ నమస్కారం. విశాఖలో ఒక పాతసామాన్ల కొట్లో పిన్‌బాల్ మెషిన్ దొరికితే కొన్నాను. 1970ల మొదట్లోది, షికాగో తయారీ. సర్క్యూట్ బోర్డు అన్నదే లేదు. లోపలంతా రిలేలు (కరెంటు పారితే కాంటాక్టుల్ని కలిపే, విడదీసే స్విచ్‌లు), కాయిల్స్ (తీగచుట్లు), స్కోరు చూపించే అంకెల చక్రాలు, వాటిని నడిపే ఒక మోటారు. 120 వోల్టులది కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. లైట్లు వెలుగుతున్నాయి. స్టార్ట్ నొక్కితే మాత్రం స్కోరు మోటారు తిరగడం మొదలుపెట్టి ఇక ఆగదు. స్విచ్ కట్టేసేదాకా టకటకా ఒకటే గోల. కుడి ఫ్లిప్పర్ (బాల్‌ని కొట్టే రెక్క) కూడా నీరసంగా లేస్తోంది.

మా వీధిలో మోటార్ వైండింగ్ చేసే అన్న "కాంటాక్టు పాయింట్లన్నీ ఎమెరీ పేపర్‌తో రుద్దేయ్, దార్లోకొస్తుంది" అంటున్నాడు. నెట్‌లో చూస్తే అసలు ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

సిగ్నల్ మాష్టారు (ఆమదాలవలస)
ముందు ఆ ఎమెరీ పేపర్ అవతల పారెయ్ బాబూ. రిలేల్లో ఉండేవి వెండి పాయింట్లు. మెత్తటి లోహం. ఎమెరీ తగిలితే వెండి అరిగిపోతుంది, పైగా ఆ గరుకు రజను అందులోనే దిగబడి కాంటాక్టుకి అడ్డుపడుతుంది. నా సర్వీసంతా రైల్వే రిలేల మధ్యే గడిచింది. సీలు వేసిన రిలేని మేం స్టేషన్లో విప్పం. అనుమానం వస్తే తీసి వేరేది పెట్టి, దాన్ని వర్క్‌షాపుకి పంపుతాం.

నీ మెషిన్ సంగతికొస్తే, తప్పు ఎక్కడుందో అదే చెబుతోంది. స్టార్ట్ నొక్కగానే రీసెట్ రిలే పట్టుకుంటుంది. మోటారు తిరుగుతూ ఒక్కో చక్రానికి ఒక్కో దెబ్బ వేస్తూ సున్నాకి తెస్తుంది. ఇలాంటి చాలా మెషిన్లలో ప్రతి చక్రానికీ సున్నా దగ్గర రెండు జతల పాయింట్లుంటాయి. ఒక జత ఆ చక్రానికి దెబ్బలు ఆపడానికి. రెండో జత "నేను సున్నాకి వచ్చేశాను" అని రీసెట్ రిలేకి చెప్పడానికి. అన్ని చక్రాలూ చెబితేనే రిలే వదులుతుంది. ఇప్పుడు చూసి చెప్పు: ఏదైనా చక్రం సున్నా దాటి తిరుగుతోందా, లేక అన్నీ సున్నా దగ్గరే నిలబడి మోటారు ఒక్కటే తిరుగుతోందా?

కోట దగ్గర కుర్రాడు
అన్నీ సున్నాలోనే ఉన్నాయి మాష్టారూ. మోటారు మాత్రం ఆగట్లేదు.

సిగ్నల్ మాష్టారు
అయితే మొదటి జతలు బాగున్నాయి. ఏదో ఒక చక్రానికి రెండో జత తెరుచుకోవట్లేదు. పాయింట్లు బిగించిన సన్న రేకుల్ని ఆకులంటాం; ఆ రెండు ఆకుల మధ్య కాగితం ముక్క దూర్చి చూడు. ఏ చక్రం దగ్గర కాగితం పెడితే మోటారు ఆగిందో అదే దొంగ. రుద్దుడు అక్కర్లేదు.

నెల్లిమర్ల మిల్లు బాబాయ్
మాష్టారూ, మీరు చెప్పింది పుస్తకానికి కరెక్టే. కానీ డబ్బాలో సీలు వేసిన రైల్వే రిలే వేరు, యాభై ఏళ్లు సముద్రపు గాలికి బార్లా తెరుచుకుని ఉన్న ఈ రిలే వేరు. నేను జూట్ మిల్లు ఎలక్ట్రీషియన్ని. మా కాంటాక్టర్ల (పెద్ద మోటార్లకి కరెంటు ఇచ్చే పెద్ద రిలేలు) మీద నార ధూళి మెత్తగా పేరుకునేది. పాడైంది ఏదో కనుక్కుని అదొక్కటే తుడుద్దాం అని కూర్చుంటే షిఫ్ట్ అయిపోయేది. మిల్లు ఆపిన రోజున వరసగా అన్నీ తుడిచేసేవాళ్లం.

ఈ పెట్టెలో కాంటాక్టులు వందల్లో ఉంటాయి. ఇత్తడి భాగాలకి చిలుము, పాయింట్లకి నలుపు, స్టెపింగ్ యూనిట్లలో (ఒక్కో పల్సుకి ఒక్కో మెట్టు తిరిగే భాగాలు) గ్రీజు గట్టిపడి తారులా ఉంటుంది. ఒకే తప్పుంటే డయాగ్రామ్ పట్టుకుని వెతకొచ్చు. ఒకేసారి పది తప్పులుంటే ఒకదాన్ని ఇంకోటి కప్పేస్తుంది, నువ్వు డయాగ్రామ్ చుట్టూ గానుగెద్దులా తిరుగుతావు. ముందు అంతా శుభ్రం చెయ్, మిగిలినవి వెతుకు. అయితే ఎమెరీ వద్దన్న దాంట్లో మాష్టారు రైటే. స్పిరిట్‌లో తడిపిన విజిటింగ్ కార్డు పాయింట్ల మధ్య పెట్టి, పైనుంచి ఆనించి, లాగితే చాలు.

సిగ్నల్ మాష్టారు
వందల్లో ఉన్నాయి కాబట్టే ముట్టుకోవద్దంటున్నాను. కార్డు లాగేటప్పుడు ఆకు రవ్వంత వంగిందా, నిన్నటిదాకా బాగున్న చోట ఇవాళ కొత్త తప్పు పుడుతుంది. అది డయాగ్రామ్‌లో కనపడదు. మీ కాంటాక్టర్ ఆకులు ఇనుప కడ్డీల్లాంటివి, మిల్లు బాబూ. ఇవి రేకులు.

నాగావళి టెక్
ఇంత రచ్చ ఎందుకండీ? రిలేలు, మోటారు పీకేసి ఒక ఆర్డుయినో (చిన్న కంప్యూటర్ బోర్డు), పదహారు ట్రాన్సిస్టర్లు పెడితే ఆదివారానికి ఆట రెడీ. 1970ల చివర్లో ఆ షికాగో కంపెనీలే ప్రాసెసర్ బోర్డులకి మారిపోయాయి కదా.

నెల్లిమర్ల మిల్లు బాబాయ్
మారాయి. ఆ బోర్డుల్లో చాలావాటి మీద నికెల్-కాడ్మియం బ్యాటరీ పెట్టారు. అది కారి బోర్డు మీది రాగి దారుల్ని తినేసింది. ఇప్పుడు ఆ మెషిన్ల వాళ్లు బోర్డు కోసం వెతుక్కుంటున్నారు. ఈ కుర్రాడి రిలేలు ఇంకా కొడుతున్నాయి.

కోట దగ్గర కుర్రాడు
టెక్ గారూ, నాకు ఆ టకటకే కావాలి. లేకపోతే ఫోన్లో ఆడుకునేవాణ్ణి.

బొబ్బిలి పాలిటెక్నిక్
మీరంతా పాయింట్ల గురించే కొట్టుకుంటున్నారు. తమ్ముడూ, ప్లగ్గు రెండు పిన్నులదా, మూడు పిన్నులదా? అప్పటి మెషిన్లు చాలావాటికి ఎర్త్ ఉండేది కాదు. కాళ్లు, ముందు డోరు అన్నీ లోహం. మూడు పిన్నుల వైరు వేసి ఎర్త్‌ని ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రేముకీ, ఆ లోహానికీ కలిపాకే లోపల చెయ్యి పెట్టండి. ఫ్యూజు పోతుంటే పెద్ద ఆంపియర్ది వేసి సరిపెట్టొద్దు. కాయిల్ కాలిపోతుంది, అదృష్టం బాగోకపోతే చెక్క పెట్టె కూడా.

ఇంకో మాట. స్టెప్‌డౌన్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. అక్కడిది 60 హెర్ట్జ్, మనది 50. స్కోరు మోటారు దాదాపు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. మోటారు నిదానంగా ఉందని దాన్ని విప్పకండి, అది జబ్బు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వైరు కలిపే కొసల్లో హై ట్యాప్ అని ఉందేమో చూడండి. తక్కువ వోల్టేజీ వచ్చే ఊళ్లకి అది. వైరు దానికి కలిపి ఉంటే మామూలు ట్యాప్‌కి మార్చండి.

వైరు కలిసి ఉంటే కూసే మీటరు బజర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. కాయిల్స్ రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి పక్కదారిన తిరిగొచ్చి కూస్తుంది. ఒక చివర విప్పి కొలవాలి.

కోట దగ్గర కుర్రాడు
ఎర్త్ వేయించాను అక్కా. హై ట్యాప్‌కే కలిపి ఉంది, మార్చాను.

మాష్టారు చెప్పినట్టు కాగితం పెట్టి చూశాను. రెండో ప్లేయర్ వందల చక్రం దగ్గర పెట్టగానే మోటారు ఠక్కున ఆగింది! టార్చి వేసి చూస్తే పాయింట్లు శుభ్రంగానే మెరుస్తున్నాయి. ఆకే లోపలికి వంగి ఉంది. ఎవరో ఎప్పుడో ముక్కుపటకారుతో నొక్కిన గాటు కూడా కనిపిస్తోంది. సరిచేశాక రీసెట్ అయి బాల్ బయటికొచ్చింది.

సిగ్నల్ మాష్టారు
మురికి కాదు, ఎవరో పెట్టిన చెయ్యి. నేనింకేం చెప్పను.

నెల్లిమర్ల మిల్లు బాబాయ్
ఫ్లిప్పర్ సంగతి కూడా అడగండి మాష్టారూ.

ఆ కాయిల్‌లో రెండు చుట్లుంటాయి తమ్ముడూ. లావు తీగది లేపడానికి, సన్న తీగది పట్టి ఉంచడానికి. ఫ్లిప్పర్ పూర్తిగా లేచినప్పుడు చివర్లో ఒక స్విచ్ తెరుచుకుని కరెంటుని సన్న చుట్టులోకి మళ్లిస్తుంది. అది నల్లబడి ముందు నుంచే సరిగ్గా కలవకపోతే, మొదటి నుంచీ సన్న చుట్టులోంచే కరెంటు పోయి ఫ్లిప్పర్ నీరసపడుతుంది. అక్కడివి టంగ్‌స్టన్ పాయింట్లు, గట్టివి. వాటికి కార్డు సరిపోదు, సన్న ఆకురాయి పెట్టాల్సిందే. మెషిన్ ఆపేసి గీకు.

కోట దగ్గర కుర్రాడు
గీకాను బాబాయ్. ఇప్పుడు బాల్ పైదాకా ఎగురుతోంది. మా ఇంట్లో పిల్లలు దిగట్లేదు.

కానీ కొత్త గొడవ. 50 స్కోరు ఇచ్చే టార్గెట్ కొడితే ఒక్కోసారి 50, ఒక్కోసారి 30, 40 పడుతోంది.

నెల్లిమర్ల మిల్లు బాబాయ్
చెప్పానా! ఆ 50 అంటే మోటారు ఐదు పల్సులిచ్చి పదుల చక్రాన్ని ఐదుసార్లు తిప్పడమే. పాయింట్ల మీద మురికి ఉంటే మధ్యలో పల్సులు ఎగిరిపోతాయి. ఒకటి బాగుచేస్తే ఒకటి వస్తుందన్నాను. ఇప్పుడైనా వరసగా తుడు.

సిగ్నల్ మాష్టారు
మురికే కానక్కర్లేదు. మోటారు క్యామ్ (స్విచ్‌ల్ని నొక్కే గుబ్బల చక్రం) మీది స్విచ్‌లో ఆకుల మధ్య ఎడం పెరిగినా పల్సు పోతుంది. చక్రాన్ని తిప్పే ప్లంజర్‌లో (కాయిల్ లాగే కడ్డీ) గ్రీజు గట్టిపడినా పోతుంది. కరెంటు ఆపేసి పదుల చక్రాన్ని వేలితో ఐదుసార్లు నొక్కు. వేలికే బరువుగా తగిలితే పాయింట్ల జోలికే పోనక్కర్లేదు.

కోట దగ్గర కుర్రాడు
నొక్కాను. సాఫీగానే కదులుతోంది.

నెల్లిమర్ల మిల్లు బాబాయ్
కార్డు తియ్ మరి.

సిగ్నల్ మాష్టారు
పది స్కోరు రిలేకి, మోటారు పల్సు స్విచ్‌కి మాత్రమే. తుడిచే ముందు రెండింటినీ దగ్గర్నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టు, ఎడం ఎంతుందో చూసి చెబుతాను. మిగతా వాటి మీద చెయ్యి వెయ్యకు.