ఫీడర్ దగ్గరకొచ్చే బ్లూ జేలని కొమ్మ మీద ఫొటో తీయడం ఎలా?

పెరటిపిట్టలు:
అందరికీ నమస్తే. మేముండేది మిషిగన్‌లో, పెరడు దాటగానే ఓక్ చెట్లున్నాయి. డెక్ రెయిలింగ్‌కి ఫీడర్ (పిట్టలకి గింజలు పెట్టే డబ్బా) తగిలించి పొట్టుతోనే పల్లీకాయలు పెడుతున్నాను. పొద్దున్నే బ్లూ జేలు, అంటే ఇక్కడి నీలిరంగు పిట్టలు, గోలగోలగా దిగుతాయి, ఎంత బాగుంటాయో చెప్పలేను, కానీ ఫొటో తీస్తే మాత్రం సగం ప్లాస్టిక్ ఫీడర్, సగం పిట్ట తోక. కెమెరా నికాన్, లెన్స్ 200-500 ఎం.ఎం. జూమ్, హాల్లో అద్దం తలుపు వెనక నుంచి తీస్తున్నాను. కంటికి అంత నీలంగా కనిపించేది ఫొటోలో బూడిద రంగులోకి పోతోంది. జేలు వస్తే చికడీలు, జుంకోలు లాంటి చిన్న పిట్టలన్నీ ఎగిరిపోతున్నాయి, వాటినీ తీయాలని ఉంది. ఇంకొకటి, ఇలా గింజలు వేసి రప్పించి ఫొటో తీయడం సరైనదేనా అని మా అబ్బాయి అడిగాడు, నాకు సరిగ్గా జవాబు తోచలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కొమ్మచాటు:
ఫీడర్ని ఫొటో తీయకండి అక్కా, ఫీడర్‌కి ముందు ఆగే చోటుని తీయండి. అసలు కిటుకు ఇదే. జే నేరుగా ఫీడర్ మీద వాలదు, ముందు దగ్గర్లో ఏదో ఒకదాని మీద కూర్చుని అటూ ఇటూ చూసుకుని అప్పుడు దూకుతుంది. ఆ కూర్చునే కొమ్మ మీరే పెట్టండి. మీ ఓక్ చెట్ల కిందే రాలిన ఎండుకొమ్మ, నాచు పట్టింది దొరికితే ఇంకా మంచిది, పాత ట్రైపాడ్‌కి బిగించి ఫీడర్‌కి రెండు మూడు అడుగుల దూరంలో నిలబెట్టండి. బొటనవేలంత లావుంటే చాలు. వెనకాల కనీసం ఇరవై ముప్పై అడుగుల వరకు ఏమీ లేకుండా చూసుకుంటే బ్యాక్‌గ్రౌండ్ మెత్తగా కలిసిపోతుంది, మీ లెన్స్ అపర్చర్ (వెలుతురు వచ్చే ద్వారం) ఎఫ్ 5.6 లోనే ఉన్నా సరే. కెమెరా పిట్ట కంటి ఎత్తులో ఉండాలి, డెక్ మీంచి కిందికి తీస్తే వీపు తప్ప ఏం రాదు.

పల్లీల సంగతి. జే ఒక కాయ తీస్తుంది, కాస్త ఊపి చూస్తుంది, వదిలేసి ఇంకోటి తీస్తుంది, బరువుగా ఉన్నది ఏరుకుంటుందన్నమాట. ఆ రెండు మూడు సెకన్లే మీకు ఫొటో. అందుకే ఒక్క కాయ పెట్టకుండా, కొమ్మ దగ్గరే ఒక చెట్టు మొద్దు పెట్టి దాని వెనక వైపు తొలిచి అందులో నాలుగైదు పెట్టండి, కెమెరాకి కనపడవు, పిట్ట అక్కడే కాసేపు ఆగుతుంది. గొంతు సంచిలో రెండు మూడు ఓక్ కాయలు పట్టే పిట్ట అది, తిన్నది కొంత, మిగతాది తీసుకెళ్లి నేలలో దాచుకుంటుంది, అందుకే మీకు వచ్చినట్టే వచ్చి మాయమవుతోంది. మళ్లీ వస్తుంది, ఫోకస్ కొమ్మ మీదే ఉంచి కూర్చోండి. కూర్చున్న పిట్టకి కూడా షట్టర్ వేగం 1/1000 సెకను పెట్టండి, తల ఒక్క క్షణం కుదురుగా ఉండదు. ఎగిరేటప్పుడు కావాలంటే 1/3200, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వదిలేయండి.

రంగు గురించి: జే ఈకల్లో నీలం రంగు పదార్థమే లేదు, ఈక లోపలి నిర్మాణం వెలుతుర్ని చెదరగొట్టడం వల్ల నీలంగా కనపడుతుంది. అందుకని వెలుతురు మీ వెనక నుంచి పిట్ట మీద పడాలి. పిట్ట వెనక ఎండ ఉంటే బూడిదే వస్తుంది. పల్చటి మబ్బు పట్టిన పొద్దు దీనికి బంగారం.

చిన్న పిట్టలకి వేరే ఫీడర్ పెట్టండి, చుట్టూ జాలీ ఉన్నది, చికడీ దూరుతుంది, జే దూరదు. పది పన్నెండు గ్రాములుండే పిట్టకీ, దానికి ఏడెనిమిది రెట్లుండే జేకీ ఒకే పళ్లెం పెడితే ఎలా? జుంకోలు నేల మీద తింటాయి, వాటికి కింద కొంచెం మిల్లెట్ చల్లితే చాలు.

మంచుకాలం:
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అద్దం గుండా తీస్తే షార్ప్‌నెస్ పోతుంది కదా అని చలికాలంలో తలుపు తీసి అక్కడ కూర్చోకండి. లోపలి వేడిగాలి బయట చలిగాలితో కలిసి అలలు అలలుగా కదులుతుంది, ఎంత మంచి లెన్స్ అయినా ఫొటో మెత్తగా వస్తుంది, ఫోకస్ తప్పిందనుకుని చాలామంది లెన్స్‌ని తిడతారు. హీటర్ లేని గరాజ్ నుంచి తీయండి, లేదా చిన్న గుడారం లాంటిది వేసుకుని బయటే కూర్చోండి. అద్దం తప్పదంటే లెన్స్ హుడ్‌ని (లెన్స్ ముందు తగిలించే గొట్టం) అద్దానికి ఆనించి, ఏటవాలుగా కాకుండా తిన్నగా, గదిలో లైట్లు ఆర్పి తీయండి. మంచు పడ్డ రోజు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచకపోతే మంచు మురికిగా వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట, మీ ఫీడర్ అద్దానికి ఎంత దూరంలో ఉంది? మూడడుగుల లోపైనా ఉండాలి, ముప్పై అడుగుల అవతలైనా ఉండాలి. మధ్యలో పెడితే బెదిరిన పిట్ట పూర్తి వేగంతో వచ్చి అద్దానికి కొట్టుకుంటుంది. అమెరికాలో అద్దాలకి కొట్టుకుని చచ్చిపోయే పిట్టలు ఏడాదికి కోట్లలో ఉంటాయి. ఫొటో తర్వాత, ముందు ఇది సరిచేయండి.

హైదరాబాద్ నుంచి:
నేను ఉత్తరాఖండ్‌లో సాత్‌తాల్ వెళ్తుంటాను, నైనితాల్ దగ్గర. అక్కడ హైడ్‌లలో, అంటే మనం చాటున కూర్చుని ఫొటో తీసే చోట్ల, గింజలు, నీళ్లు పెడతారు, నల్లతల జేలు, యురేషియన్ జేలు, పొడుగు తోక బ్లూ మాగ్‌పైలు వస్తాయి. మీ అబ్బాయి అడిగిన ప్రశ్న అక్కడ నాకూ ఎదురవుతుంది. నా మట్టుకు నేను పెట్టుకున్న హద్దులు చెప్తాను. గింజలు వేయడం తప్పనుకోను, కానీ పక్షి కోసం వేయాలి, ఫొటో అయిపోగానే ఆపేసేట్టు కాదు. గూళ్లు పెట్టే కాలంలో ఫోన్లో కూత పెట్టి రప్పించను, దానికి ఎవరో తన చోటులోకి చొరబడ్డారనిపించి గూడు వదిలి పోట్లాటకి వస్తుంది. గద్దలకీ గుడ్లగూబలకీ బతికున్న ఎలకల్ని ఎర వేయడం అస్సలు కూడదు. ఆ కాలంలో ఆ చెట్టుకి పూయని పూల కొమ్మ కట్టి దాని మీద పిట్టని తీసి అడవిలో దొరికిందని రాసేవాళ్లున్నారు, అది నాకు నచ్చదు. ఫీడర్ దగ్గర తీసింది ఫీడర్ దగ్గర తీశామని రాస్తే ఫొటో విలువ తగ్గదండీ.

పెరటిపిట్టలు:
చాలా థ్యాంక్స్ అందరికీ. రెయిలింగ్ నుంచి అద్దం పన్నెండడుగులు ఉంటుంది, ఇవాళే మార్చేస్తాం. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన ఉప్పు పల్లీలు, మిగిలిన అన్నం వేయొచ్చా? ఇంకా, ఒక ఫించ్‌కి (పిచ్చుకలాంటి చిన్న పిట్ట) కన్ను వాచి మూసుకుపోయి కనపడింది, అదేమిటి?

కొమ్మచాటు:
ఉప్పు, మసాలా పల్లీలు వద్దు. పచ్చివో, ఉప్పు లేకుండా వేయించినవో మాత్రమే, అవీ తడిసి బూజు పట్టకుండా చూడాలి, బూజు విషం పిట్టలకి ప్రాణాంతకం. అన్నంలో ఉప్పూ నూనే ఉంటాయి, పైగా ఎలకలొస్తాయి.

కన్ను వాచిన ఫించ్ అంటే మాత్రం ఆలస్యం చేయకండి. హౌస్ ఫించ్‌లలో 1994 నుంచి తిరుగుతున్న కంటి జబ్బు అయ్యుండొచ్చు, ఫీడర్ ద్వారా ఒక పిట్ట నుంచి ఇంకో పిట్టకి అంటుకుంటుంది. ఫీడర్లన్నీ దించేయండి, గింజలు పారబోయండి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి నానబెట్టి కడిగి పూర్తిగా ఆరనివ్వండి, కింద రాలిన పొట్టు కూడా ఊడ్చేయండి. రెండు వారాలు ఖాళీగా ఉంచి అప్పుడు మళ్లీ పెట్టండి. ఆ తర్వాత కూడా రెండు వారాలకోసారి కడగాల్సిందే. ఈ లోపు కొమ్మ నిలబెట్టి, పొద్దున వెలుతురు ఎటునుంచి పడుతుందో చూసి పెట్టుకోండి.