అప్‌డేట్: కమ్మచ్చులో వెండి తీగ తెగిపోవడానికి అసలు కారణం దొరికింది

పాత పట్టీలు కరిగించి తీస్తున్న వెండి తీగ కమ్మచ్చులో (తీగను లాగి సన్నబరిచే రంధ్రాల పలకలో) 1 మి.మీ. మందం దగ్గరకు రాగానే తెగిపోతోందని గత నెల అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. కమ్మచ్చు మార్చినా, తేనెమైనం రాసినా, రెండు మూడు రంధ్రాలకొకసారి మసక వెలుతురులో మందమైన ఎరుపు కనిపించేదాకా కాచి తీగను మెత్తబరిచినా ఫలితం లేకపోయింది. చివరికి మా ఊరి పెద్ద కంసాలిగారు తెగిన కొసను భూతద్దంలో చూసి, అది సాగి సన్నబడకుండా పంచదార పలుకుల్లా విరిగిందని, లోహంలోనే సీసం కలిసిందని తేల్చారు. నిజమే, రెండు పట్టీలకు ఎవరో సీసపు టంకంతో అతుకు వేసి ఉన్నారు. అతుకులు కత్తిరించి తీసేయాలని ఇక్కడ ఒక్కరే చెప్పారు, నేనే పట్టించుకోకుండా అన్నీ మూసలో వేశాను. ఆ వెండిని శుద్ధికి ఇచ్చేసి కొత్త 925 వెండితో (92.5 శాతం వెండి ఉన్న మిశ్రమంతో) మొదలుపెడితే, అదే పాత కమ్మచ్చులో 0.4 మి.మీ. వరకు తీగ ఒక్కసారి కూడా తెగలేదు.