ఓవర్‌క్లాకింగ్ కొత్తగా మొదలెట్టేవాడికి ఖరీదైన మదర్‌బోర్డు కావాలా, బీ650 సరిపోద్దా?

భీమవరం_బీటెక్:
నమస్కారమండి అందరికీ. మొదటిసారి సొంతంగా పీసీ కట్టుకుంటున్నా, ప్రాసెసర్ రైజెన్ 5 7600 ఫిక్స్ అయిపోయా, ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువ మీద నడపడం) నేర్చుకోవాలని బాగా ఉంది. షాపులో అన్నయ్యేమో ఎక్స్‌670ఈ బోర్డు తీసుకో, బీ650 మీద ఓవర్‌క్లాక్ చేస్తే కాలిపోద్ది అంటున్నాడు. నాన్నగారు రొయ్యలు పట్టిన డబ్బుల్లోంచి ఇస్తున్నారండి, మళ్లీ అడగలేను. ఏది కరెక్టో చెప్పండి.

రాజమండ్రి_రిగ్:
తమ్ముడూ, ఆ మాట నమ్మకు. ఏఎండీ 600 సిరీస్ బోర్డుల్లో సీపీయూ ఓవర్‌క్లాకింగ్‌కి తాళం వేసింది ఏ620కి, బీ650కి కాదు. ఎక్స్‌670 అంటే బీ650లో ఉండే చిప్‌సెట్ ముక్కే రెండుసార్లు పెట్టడం, దాంతో యూఎస్‌బీలు, ఎస్‌ఎస్‌డీ స్లాట్లు పెరుగుతాయి గానీ ప్రాసెసర్‌కి ఒక్క మెగాహెర్ట్జ్ కూడా అదనంగా రాదు. నువ్వు చూడాల్సింది బోర్డు మీదుండే వీఆర్‌ఎం. ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) పంపే 12 వోల్టుల్ని ప్రాసెసర్ తినే ఒక వోల్టు చిల్లరకి దించేది అదే, ఆ దించడంలోనే వేడెక్కుద్ది, అందుకే దాని మీద మంచి దిమ్మలాంటి హీట్‌సింక్ ఉందా లేదా చూడు. 7600 మామూలుగా 88 వాట్ల దగ్గర ఆగుద్ది, 7600ఎక్స్ 142 దాకా వెళ్తది, ఓ మాదిరి బీ650 ఈ రెండింటినీ తేలిగ్గా మోసేస్తది.

మిగిలిన డబ్బులు కూలర్ మీద పెట్టు. రోహిణి కార్తెలో మన గదులు ఎలా ఉంటాయో నీకు తెలుసు కదా, ఏ ఫ్యాన్ కూలరైనా గది గాలి కన్నా చల్లగా చెయ్యలేదు, గది పది డిగ్రీలు పెరిగితే చిప్పూ దాదాపు పది పెరుగుద్ది, 95 దగ్గర అదే స్పీడు తగ్గించేసుకుంటది. నువ్వు డిసెంబర్లో సెట్ చేసిన ఓవర్‌క్లాక్ మే నెలలో నిలబడకపోతే బోర్డు ఎంతదైనా ఒకటే.

తణుకు_తంబి:
ఇంటెల్ కూడా చూడొచ్చు కదండి?

రాజమండ్రి_రిగ్:
చూడొచ్చు, కానీ అక్కడ రూలు వేరు. పేరు చివర కే ఉన్న చిప్పు కావాలి, కింద పేరు జెడ్‌తో మొదలయ్యే బోర్డు కావాలి, బీ760లో అయితే ర్యామ్ స్పీడు మాత్రమే పెంచుకోగలవు. అంటే నేర్చుకోడానికే రెండు చోట్లా ఎక్కువ కట్టాలి. పైగా 13, 14 తరాల పెద్ద చిప్పులు వోల్టేజీ ఎక్కువై దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్లే ఒప్పుకుని మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ ఇచ్చింది, వోల్టేజీతో ఆడుకోడం నేర్చుకునే పిల్లాడికి అది చెప్పి తీరాలి.

కాకినాడ_పాతకాపు:
నేనొప్పుకోను. అసలు ఓవర్‌క్లాక్ ఎందుకయ్యా ఇప్పుడు? 1998లో సెలెరాన్ 300ఏ ఉండేది, బస్ స్పీడు 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450 మీద పరిగెత్తేది, సగానికి సగం ఊరికే వచ్చేది, దానికోసం రిస్కు తీసుకున్నా అర్థం ఉంది. ఇప్పుడు చిప్పులు ఫ్యాక్టరీ నుంచే చివరంచు దాకా తోసేసి వస్తున్నాయి. పైగా ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే ఏఎండీ వారంటీ ఇవ్వదు. ఉన్న బోర్డులో వోల్టేజీ తగ్గించుకో బాబూ, చల్లగా ఉంటది.

రాజమండ్రి_రిగ్:
గురువుగారూ, నేను చెప్పేదీ దాదాపు అదేనండి. బోర్డు సెట్టింగుల్లో ఉండే కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ పది పెట్టడమంటే వోల్టేజీ తగ్గించడమే, దిగిన వేడిని చిప్పు మళ్లీ స్పీడుగా మార్చుకుంటది. ఈ రోజుల్లో ఓవర్‌క్లాకింగ్ అంటే అక్కడే మొదలు, ఆ ఆప్షను బీ650లోనూ ఉంది. వారంటీ మాట మాత్రం మీరన్నది నిజం, తమ్ముడు అది తెలిసే దిగాలి.

అమలాపురం_అబ్బాయి:
అందరూ వాట్ల గురించే మాట్లాడుతున్నారు, తప్పు చేశాక వెనక్కి రావడం గురించి ఒక్కరూ చెప్పట్లేదు. నేను బయాస్ (పీసీని లేపే, బోర్డులోని ప్రోగ్రాం) అప్‌డేట్ పెట్టి కూర్చున్నా, సగంలో కరెంటు పోయింది, అంతే బోర్డు చచ్చింది. ఫ్లాష్‌బ్యాక్ బటన్ లేదు దానికి. సర్వీసు సెంటర్ చుట్టూ నెల తిరిగా, పరీక్షల టైములో. ఆ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్ పెట్టి నొక్కితే చాలు, ప్రాసెసర్ లేకపోయినా బయాస్ ఎక్కుద్ది. అందుకే నేనైతే పెద్ద బోర్డే అంటా, ఎర్రర్ కోడ్ చూపించే రెండంకెల డిస్‌ప్లే, వెనకాల సెట్టింగులన్నీ మొదటికి తెచ్చే క్లియర్ సీమాస్ బటన్, ఇవి కొత్తవాడికే ఎక్కువ కావాలి, అనుభవం ఉన్నోడు అవి లేకపోయినా ఎలాగోలా బయటపడతాడు. ఇంకోటి, మాది సముద్రానికి దగ్గర, పాత బోర్డు యూఎస్‌బీ పోర్టులకి చిలుము పట్టేసింది, పీసీ నేల మీద, కిటికీ పక్కన పెట్టకు.

రాజమండ్రి_రిగ్:
ఫ్లాష్‌బ్యాక్ మాట నూటికి నూరు పాళ్లు నిజం, నేను ముందే చెప్పాల్సింది. కానీ ఆ బటన్ చాలా బీ650 బోర్డుల్లోనూ ఉందబ్బాయ్, దానికోసం ఎక్స్‌670ఈ దాకా పోనక్కర్లా. మీ చెరువుల దగ్గర రాత్రిపూట ఏరేటర్లు వేశాక లైట్లు డిమ్మయితే భయపడకు తమ్ముడూ, 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునే ఎస్‌ఎంపీఎస్ తీసుకుంటే ఆ తగ్గుదల పీసీకి తెలీదు. చంపేది ఉన్నట్టుండి పోయే కరెంటు. మిగిలిన డబ్బుల్లో ఒక యూపీఎస్ కొను, అది లేకుండా బయాస్ జోలికి పోకు.

భీమవరం_బీటెక్:
ఫ్లాష్‌బ్యాక్ ఉన్న బీ650, యూపీఎస్, కూలర్. ఇలా అయితే లెక్క సరిపోతందండి. తెచ్చాక మొదట ఏం చెయ్యాలి?

రాజమండ్రి_రిగ్:
మొదటిసారి ఆన్ చేయగానే స్క్రీను నల్లగా ఉండిపోద్ది, డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు సర్దుకుంటది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి స్విచ్చి కట్టేయకు. తర్వాత కొత్త బయాస్ ఎక్కించు. 2023లో ఎక్స్‌3డీ అనే ఏఎండీ చిప్పులు కొన్ని సాకెట్లోనే కాలాక ఎస్ఓసీ వోల్టేజీ (చిప్పులో ర్యామ్‌ని నడిపే భాగానికి వెళ్లేది) 1.3 వోల్టులు దాటకుండా కట్టడి పెట్టారు, పాత బయాస్‌లో ఆ కట్టడి ఉండదు. ఆ తర్వాతే ర్యామ్‌ని దాని అసలు స్పీడుకి తెచ్చే ఎక్స్‌పో, ఓ వారం వాడి చూసి అప్పుడు కర్వ్ ఆప్టిమైజర్. ఒకేసారి రెండు మార్చకు, క్రాష్ అయితే ఏ దానివల్లో తెలీదు.

అమలాపురం_అబ్బాయి:
ఆ నల్ల స్క్రీను ముందు కూర్చున్నప్పుడే ఆ రెండంకెల డిస్‌ప్లే కావాలనేది నేను. నా మాట మీద నేనున్నా.