ఆ గోడ మీదున్నది తొమ్మిది కాదండీ, వలపలగిలక

ప్రశ్న: మా ఊరి పాత బజారులో మూతబడ్డ సత్రాలు, వెలిసిపోయిన దుకాణాల బోర్డులు ఫోటోలు తీస్తున్నాను. ఒక సత్రం కమాను మీద ఉబ్బెత్తు గచ్చు అక్షరాలతో “ధమ౯ సత్రము, యువ సం॥ర వైశాఖ శు ౧౦” అని ఉంది. ఎడమ చివర వేపకొమ్మ చాటున “కొఱకు” అన్న మాట కూడా కనబడుతోంది. ఫోటో జతచేశాను. “ధమ౯” చివర ఆ తొమ్మిదేమిటి? సత్రం నంబరా? కట్టిన ఏడాది ఎలా తెలుస్తుంది?

జవాబు: నంబరు కాదండీ, వలపలగిలక. చూడ్డానికి మన అంకె ౯ లాగే ఉంటుంది. వలపల అంటే కుడివైపు. అరక ఎద్దుల్లో కుడిదాన్ని వలపటిది, ఎడమదాన్ని దాపటిది అంటారు కదా, ఆ వలపలే ఇది. హల్లుకు ముందు పలికే పొల్లు ‘ర్’ని, ఆ హల్లు రాశాక దానికి కుడిపక్కన ఇలా గిలకతో చూపేవారు. ధమ౯ అంటే ధర్మ, సూయ౯ అంటే సూర్య. గుణింతం ఉంటే అది కూడా రాశాకే గిలక వస్తుంది: కాయా౯లయము. చెవికి ముందు వినబడేది కంటికి తర్వాత కనబడుతుంది కాబట్టి మొదట్లో అందరూ తడబడతారు. క్రావడి వేరు. క్ర, ప్రలలో ‘ర’ హల్లు తర్వాత పలుకుతుంది.

మనం వదిలేసిన ఈ పద్ధతి కన్నడంలో అర్కావొత్తు పేరుతో నేటికీ నడుస్తోంది. బళ్ళారి, పావగడ వైపు మన తెలుగువాళ్ళు రోజూ బోర్డుల మీద చదువుతూనే ఉంటారు.

ఇక ఏడాది. అరవై ఏళ్ళ చక్రంలో యువ తొమ్మిదోది. 1875-76, 1935-36, 1995-96 మూడూ యువలే. 1995లో సత్రం కట్టి వలపలగిలక వేసి ఉండరు. మిగిలిన రెంటిలో నా మొగ్గు 1935 వైపే, “శు ౧౦” అంటే శుద్ధ దశమి, వైశాఖంలో అది ఆ ఏడాది మే నెలలో పడింది. అయితే లిపి ఒక్కటీ చూసి తేల్చేయకూడదు. లోపల దూలాల మీదో, గడప మీదో ఇంకో తేదీ ఉందేమో చూడండి.

మీ ఫోటో మిట్టమధ్యాహ్నం తీసినట్టుంది, అక్షరాలకు నీడ లేదు. గచ్చు అక్షరాలకు పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండ పడాలి, అప్పుడు అంచులు తేలతాయి. రంగుతో రాసిన బోర్డులకు మబ్బు పట్టిన రోజు మేలు. స్పష్టంగా కనబడాలని సుద్దముక్కతో దిద్దడం, తడిగుడ్డతో తుడవడం మాత్రం దయచేసి చేయకండి. ఉన్న కాస్త రంగూ ఊడిపోతుంది.

మరొకరు: క్యాప్షన్‌లో “ధర్మ సత్రము” అని సరిచేసి పెడితే తప్పేమిటండీ? చదివేవాళ్ళకు సులువు కదా.

జవాబు: సరిచేయడానికి అందులో తప్పేమీ లేదండీ. అప్పటికి అదే సరైన రాత. క్యాప్షన్‌లో రెండూ పెట్టండి. గోడ మీద ఉన్నట్టు ఒకసారి, ఇప్పటి రాతలో ఇంకోసారి. ౯ వేసి రాస్తే “ధర్మ” అని వెతికేవాళ్ళకు దొరకదు, వట్టి “ధర్మ” రాస్తే గిలక సంగతి ఎవరికీ తెలియదు. “కొఱకు”లో బండి ఱ ఉన్నా, అరసున్న ఉన్నా అంతే, ఉన్నది ఉన్నట్టు దించండి. రేపు ఆ కమానుకు ఎవరైనా పెయింటు వేయిస్తే, పాత రాతకు మిగిలే సాక్ష్యం మీ ఫోటో, దాని కింద మీరు రాసిన ముక్క మాత్రమే.

ప్రశ్న అడిగినవారికి ఇంకో మాట. కమాను ఎడమ చివర వేపకొమ్మ అడ్డొచ్చిన చోట “కొఱకు” తర్వాత ఇంకో పదం ఉన్నట్టుంది. కట్టించినవారి పేరు అక్కడే ఉండొచ్చు. వీలైతే సాయంత్రం ఐదు దాటాక, కొమ్మ పక్కకు పట్టించి దగ్గరగా ఒక ఫోటో తీసి పెట్టండి, కలిసి చదువుదాం.