టామీ పోయింది అనాలా, పోయాడు అనాలా?

ప్రశ్న: పెరట్లో పాతిపెట్టిన పెంపుడు కుక్కకు నల్లరాతి పలక చేయిస్తున్నారు. అడుగు వెడల్పు, తొమ్మిది అంగుళాల ఎత్తు. మగకుక్క. ఇంట్లోవాళ్ళు రాసిచ్చింది ఇది: "మా ప్రియమైన టామీ యొక్క జ్ఞాపకార్థం. 2011–2024. నువ్వు స్వర్గస్థుడవైనా అది మా గుండెల్లో ఎప్పటికీ ఉంటుంది. నిన్ను ఎల్లప్పుడూ మిస్ అవుతాము." చదువుతుంటే ఎక్కడో తేడా కొడుతోంది. "పోయింది" అనడమే వ్యాకరణమా? సరిచేసి పెట్టండి.

జవాబు: తేడా కొడుతున్నది మూడో వాక్యంలోనండీ. "నువ్వు" అని మొదలై, "స్వర్గస్థుడవు" అని మగవాణ్ణి చేసి, వెంటనే "అది" లోకి జారింది. ఒకే వాక్యంలో మూడు దారులు.

చిన్నయసూరి బాలవ్యాకరణం లెక్కన స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కాక మిగిలినవే మహత్తులు, అంటే "వాడు" అనదగినవి. కుక్క అమహత్తు కాబట్టి "పోయింది". వ్యాకరణం అక్కడితో సరి. కానీ పేరు పెట్టి పెంచిన ఇంట్లో "టామీ అన్నం తినలేదు, వాడికి ఒంట్లో బాగాలేదు" అనే అంటారు. అది తప్పు కాదు, ఆ ఇంటి వాడుక. ఆడకుక్క అయితే ఈ చిక్కే రాదు. "లక్ష్మి పోయింది" అంటే మనిషికీ అదే క్రియ, కుక్కకూ అదే క్రియ. మగకుక్క దగ్గరే తెలుగు మనల్ని నిలదీస్తుంది. బతికుండగా "వాడు" అని పిలిచి రాతి మీద "అది" అంటే పరాయిదాన్ని చేసినట్టు ఉంటుంది. "వాడు" అనుకుంటే క్రియ, సర్వనామం, విశేషణం అన్నీ అటే నడవాలి. రేపు పక్కన ఇంకోదాన్ని పాతినా "రెండూ" కాదు, "ఇద్దరూ" అనాలి.

మరొకరు: ఒక్క మాట కలుపుతాను. "అది" అంటే చిన్నచూపని అనుకోనక్కర్లేదు. "అది ఇంకా బడి నుంచి రాలేదు" అని కన్నకూతురి గురించి అమ్మ అనడం లేదూ! ఇంట్లో "అది" అనే పిలుచుకుని ఉంటే రాతి మీదా అలాగే ఉండనివ్వండి, దానిలోనూ అంతే ప్రేమ ఉంది.

ప్రశ్న అడిగినవారు: వాళ్ళింట్లో "వాడు" అనే అంటారు. మరి చనిపోయాడా, కన్నుమూశాడా? "చచ్చిపోయాడు" అని మాత్రం రాయలేం కదా?

జవాబు: చావును నేరుగా చెప్పే పాత మాట "చచ్చు". కన్నడ "సత్తు", తమిళ "సా" దాని తోబుట్టువులే. తెలంగాణ పల్లెల్లో "సచ్చిపోయిండు" మనుషులకూ మామూలుగానే వాడతారు, అందులో తిట్టు లేదు. కానీ రాతలో, అదీ కుక్క విషయంలో, "కుక్కచావు" అన్న నుడి గుర్తొచ్చేస్తుంది. అందుకే వదిలేయండి. "చనిపోవు"లో "చను" అంటే వెళ్ళడం, "పోవు" అన్నా వెళ్ళడమే. నిజానికి అందులో చావన్న మాటే లేదు, రెండుసార్లు వెళ్ళిపోవడమే ఉంది. "కన్నుమూశాడు" కూడా చక్కగా అతుకుతుంది. "కాలం చేశాడు", "పరమపదించాడు" పెద్దలకు రూఢి అయినవి, ఇక్కడ అరువు బట్టల్లా ఉంటాయి. "అసువులు బాశాడు"లో పత్రికవాసన. "స్వర్గస్థుడు" సంగతీ ఇంతే, తీసేయండి.

ఇంకొకరు: "విశ్వాసం" అనే మాట చేర్చవచ్చు అనుకుంటారేమో. సంస్కృతంలో దాని అర్థం నమ్మకం. చేసిన మేలు మరవకపోవడమనేది తెలుగులో దానికి బలపడిన అర్థం. మహాప్రస్థానిక పర్వంలో తన వెంట వచ్చిన కుక్క గురించి ధర్మరాజు ఇంద్రుడితో చెప్పిన మాట "భక్తో మాం నిత్యమేవ", ఎప్పుడూ నన్నే నమ్ముకుని ఉందని. "నమ్మినబంటు" ఆ భావానికి దగ్గర. అయినా పలక మీద గుణం కన్నా పని చెబితే బరువుగా ఉంటుంది. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరు రాయి చూడండి, క్రీ.శ. 949–50 నాటిది, హళగన్నడం, అంటే పాత కన్నడంలో ఉంది. తక్కోల యుద్ధంలో పరాక్రమించిన మణలరుడనే వీరుడు కానుకగా గంగవంశపు రాజు రెండో బూతుగుణ్ణి కాళి అనే వేటకుక్కను అడిగి తెచ్చుకున్నాడు. అది అడవిపందితో కలబడి, పందీ అదీ కలిసే పోయాయి. చల్లేశ్వరాలయం ముందు రాయి నిలిపి, పూజకు భూమి ఇచ్చి, ఆ రాయికి పూజ చేయకుండా పూజారి భోజనం చేస్తే పాపమని చెక్కించారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. కుక్క పేరు, అది చేసిన పని, పోయిన చోటు చెప్పారు. వెయ్యేళ్ళు దాటినా కాళి కళ్ళకు కడుతుంది.

జవాబు: చెక్కే పని సంగతి. "యొక్క" అక్కర్లేదు, "టామీ జ్ఞాపకార్థం" చాలు. కానీ ఆ మాటే ప్రమాదం. అరంగుళం అక్షరంలో థ వత్తు మధ్య చుక్క రాయి పెచ్చులేస్తే పోతుంది. అప్పుడు అది "జ్ఞాపకార్ధం", అంటే అర్ధం, సగం జ్ఞాపకం. ఎన్నో సమాధుల మీద ఈ తప్పు కనిపిస్తుంది. "టామీ గుర్తుగా" అంటే ఆ బెడదే లేదు. పేరు అంగుళం ఎత్తు, మిగతావి అరంగుళం పెట్టించండి. వరుసల మధ్య కనీసం ఒక అక్షరమంత ఖాళీ వదలాలి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. ఫోన్లో టైపు చేసింది పంపితే యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడే దుకాణంలో అక్షరాలు చెల్లాచెదురవుతాయి. అసలు కొలతలో కాగితం మీద ముద్రించి ఇవ్వండి, చెక్కే ముందు రాతి మీద గీసిన గీతను ఒక్కో వత్తూ వేలు పెట్టి చదవండి.

మరొకరు: "మిస్ అవుతాము" చోట "బోసి" పెట్టండి. బోసినోరు, బోసిమెడ అంటాం. ఉండాల్సింది లేని చోటుకే ఆ మాట. నాలుగు వరుసలు సరిపోతాయి:

టామీ
2011–2024
పదమూడేళ్ళు మా ఇల్లు కాశాడు.
వాడు లేని గుమ్మం బోసిపోయింది.

ప్రశ్న అడిగినవారు: మూడో వరుసలో "కాశాడు" బదులు "కాచాడు" అనవచ్చా?

జవాబు: "కాచాడు" కాస్త గ్రాంథికం. "వాడు" అన్నాక "కాశాడు" అనే ఉండనివ్వండి.